ముగ్గుపిండి బాణం

నాంపల్లి, హైదరాబాద్.
10 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి ఉజ్వలకు,

శశికళ ఆంటీ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. మేము క్షేమంగా లేము, నువ్వూ లేవు, మరి అబద్ధంతో ఎందుకు మొదలుపెట్టాలి? ఆశీర్వాదం మాత్రం నిజం. అది తీసుకో.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చదువుతావు, నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. సరే, ఉత్తరాన్నయితే కట్ చేయలేవు కదా అని నిన్న షాపు నుంచి జీపీవోకి వెళ్లి కవర్లు కొన్నాను. అబిడ్స్‌లో ఇన్నేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాం, రోజూ దాని ముందు నుంచే పోతాను, లోపలికి ఎప్పుడెళ్లానో గుర్తే లేదు. కౌంటర్లో ఉన్నాయన నన్ను చూసి, రాఖీ పండుగ ఇయ్యాల్నే గదమ్మా, ఇప్పుడు పంపితే ఎప్పుడు ముట్టాలె అని నవ్వాడు. రాఖీ కాదు నాయనా, ఒక మొండిపిల్లకు ఉత్తరం అన్నాను.

ముందు కబుర్లు చెప్తాను. నువ్వు ఖాళీ చేసిన పైగదిలోకి కోచింగ్ పిల్లలు వచ్చారు. మోటారు వేసి మర్చిపోతారు, ట్యాంకు పొంగి మెట్ల మీద వాగు పారుతుంది. నీ సైకిల్ మెట్ల కిందే ఉంది. తడవకుండా నా పాత చీర కప్పాను, ఆ నెమలికంఠం రంగుది, దాని మీదికి జాకెట్ ముక్క మన షాపులోనే దొరకలేదని నువ్వు ఎగతాళి చేసేదానివే, అది. ఎవరిదీ సైకిల్ అని ఓనరు అడిగితే మాదే అన్నాను. మీ అంకుల్ మాత్రం దాని పక్కనుంచి మొహం తిప్పుకుని దిగుతారు. పాతసామాన్లాయనకు ఇచ్చెయ్ అన్నారు ఒకసారి. నాకు చెవుడొచ్చింది ఆ పూటకు.

దాచడమెందుకు బిడ్డా, మీ అంకుల్ ఈ ఇంట్లో నీ పేరు ఎత్తనివ్వడం లేదు. ప్రణయ్ పోయిన రోజు దవాఖాన మెట్ల మీద కూర్చుని నువ్వే అన్నావు కదా అందరి ముందు, మేడికుంట మలుపు దగ్గర బాణం వెయ్యడం మర్చిపోయినట్టున్నాను అంకుల్ అని. ఆ ఒక్క మాట పట్టుకున్నారు ఆయన. కొడుకును పోగొట్టుకున్న మనిషి కోపాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి, నీ దగ్గర దింపారు. నీతో సైకిల్ తొక్కిన మిగతావాళ్లు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఇంకా అన్యాయం. నాకూ కొన్నాళ్లు నీ మీద కోపం వచ్చింది. రాలేదంటే నమ్ముతావా? తర్వాత అది దానంతటదే పోయింది. కోపం పోయాక చూస్తే ఇల్లు ఇంకా బోసిగా ఉంది.

శుక్రవారం సాయంత్రాలు నాకు గడవవు. మా ముందుగది నేలంతా మీరిద్దరూ మ్యాపు పరిచేవాళ్లు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర వాడు బేరమాడి తెచ్చిన సర్వే మ్యాపు, మడతల దగ్గర చిరిగితే నేను వెనక గుడ్డ వేసి అతికించింది. మూలలు లేవకుండా నా దారపు రీళ్లు పెట్టేవాళ్లు. నాకేమో అది గోధుమరంగు దారాలు చిక్కుపడ్డట్టు కనబడేది. వాడే నేర్పాడు. అమ్మా, గీతలు దగ్గర దగ్గరికొస్తే నిట్టనిలువు గుట్ట, దూరం దూరం ఉంటే పాట పాడుకుంటూ తొక్కొచ్చు అని. ఎక్కుడంతా పొద్దున చల్లగా ఉన్నప్పుడే అయిపోవాలి, తిన్నాక దిగుడే ఉండాలి. చెరువు ఎప్పుడూ కళ్ల ముందుకే రావాలి, వీపు వెనక పెట్టుకుంటే ఆ దారి దండగ. అందం లేని దారి ఎంత దగ్గరైనా వాడు ఒప్పుకునేవాడు కాదు. నువ్వేమో అందం తర్వాత, దిగుడులో కంకర ఉందా లేదా చెప్పు అని వాడి నెత్తిన మొట్టేదానివి. వాడు కళ్లు, నువ్వు బ్రేకులు అని నేను నవ్వేదాన్ని.

ఒకరోజు ముందు నువ్వు వెళ్లి మలుపు మలుపుకూ బాణం గీసి వచ్చేదానివి. మొదటిసారి పెయింటు డబ్బా పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాను. ఊరోళ్ల రోడ్డు మీద పెయింటు పూస్తే తంతరు, ముగ్గుపిండి తీస్కపోండ్రి అని మా వాకిట్లో డబ్బా ఇచ్చాను. రెండు రోజులు ఉంటుంది, ఆ తర్వాత గాలికీ వానకూ పోతుంది, ఎవరికీ నష్టం లేదు అని మీరు తెగ సంబరపడ్డారు. ఇక బాణం కింద బొమ్మలు. గ్లాసు గీస్తే ముందు చాయ్ హోటలుందని, గొడుగు గీస్తే నీడ ఉందని, చేప గీస్తే చెరువొస్తుందని. మీ గుంపుకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని భాష. ఫోన్లు సంచుల్లో పెట్టి బాణాలు చూసే తొక్కాలని మీ పద్ధతి. ఫోన్ల సూస్కుంట తొక్కెటోనికి గుట్టెందుకు, ఇంట్ల కూసోమను అనేవాడు వాడు.

ఆ ఆదివారం చెరువు దారిని వాడికి చూపించకుండా నువ్వొక్కదానివే గీశావు. మేడికుంటలో బాణం లేదు. చెరువు వైపు ఎడమకు తిరగాల్సిన చోట వాడు నేరుగా పోయాడు, నువ్వు వద్దే వద్దన్న ఆ ఘాటు రోడ్డు దిగుడులోకి. అందరికంటే ముందు తొక్కేది వాడు, దారి గీసినవాళ్లు అందరికంటే వెనక రావాలి కాబట్టి చివరన నువ్వు. నువ్వొచ్చేసరికి అయిపోయింది.

నీకు తెలిసిన సంగతే నీకు రాస్తున్నానని విసుక్కోకు. రాస్తే గానీ అసలు విషయానికి రాలేను. డిసెంబర్‌లో ఏడాది నిండుతుంది. పంతులు చేయించేది పంతులు చేయిస్తాడు. నాకు మాత్రం ఇంకొకటి కావాలి. వాడు తిరగని ఆ ఎడమ దారిన మీరంతా ఒకసారి తొక్కాలి, వాడు చూడని ఆ చెరువును చూసి రావాలి. మీ గుంపులోని శ్రీహరి మొన్న షాపుకొస్తే అడిగాను. ఉజ్వల లేకుంటే దారి ఎవరు గీస్తరు ఆంటీ, అందరి సైకిళ్లు తుప్పు పడుతున్నయ్ అన్నాడు. కాబట్టి నువ్వు గీయాలి. సిద్దిపేటలో మీ పెద్దమ్మ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే ఎవరికి లాభం?

ఆంటీ అని పిలుస్తావు నన్ను. అత్తమ్మా అని పిలిచే రోజు వస్తుందని నేను ఎదురుచూశాను. మీ సంగతి నాకు తెలియదనుకున్నారు కదూ మీరిద్దరూ. నాకు అన్నీ తెలుసు. జవాబు రాయి. రాయకపోతే ఇంకో ఉత్తరం వస్తుంది, కవర్లు ఇంకా ఉన్నాయి నా దగ్గర.

ఆశీస్సులతో,
శశికళ ఆంటీ


నాంపల్లి.
5 అక్టోబర్ 2025.

ఉజ్వలా,

గోడకు చెప్పినా కాస్త మారుమోగుతుంది, నీ దగ్గర అదీ లేదు. అన్న మాట ప్రకారం రెండో కవరు.

సద్దుల బతుకమ్మ అయిపోయింది. పోయినేడు వాడు అనంతగిరి దిక్కునుంచి సైకిల్‌కు రెండు వైపులా గునుగుపూల మోపులు కట్టుకుని నాంపల్లి స్టేషన్లో దిగితే, అమ్మకానికా బాబూ అని జనం చుట్టూ మూగారని నువ్వే చెప్పావు. ఈసారి కోఠిలో కొన్నాను. తెచ్చి పళ్లెంలో పెట్టాను, పేర్చడానికి చేతులు రాలేదు. కిందింటి విద్యావతి వచ్చి కూర్చుని పేర్చి పోయింది. నేను ఆడలేదు. కిటికీలోంచి చూశాను.

నువ్వు గీయవు కదా, నేనే గీశాను. నవ్వకు. ఎంబ్రాయిడరీ డిజైన్లు దించే పల్చటి కాగితం మ్యాపు మీద వేసి దారి దించాను. వికారాబాద్ స్టేషన్లో రైలు దిగడం, చాయ్, అనంతగిరి గుడి, అక్కడ భోజనం, తర్వాత అడవి దారి, మేడికుంట, చెరువు. బాగానే ఉందనుకుని శ్రీహరికి చూపించాను. వాడు కాసేపు చూసి, తిన్నంక గింత గుట్ట ఎక్కిస్తరా ఆంటీ, మమ్ముల్ని సంపుతరా ఏంది అని నవ్వి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. మాట జారినందుకు వాడి కళ్లల్లో నీళ్లు. నేనే వాడికి చాయ్ పెట్టి ఓదార్చాల్సి వచ్చింది. ఏం చెప్పను, చచ్చినవాడి పేరు ఎత్తకుండా ఉండొచ్చు గానీ ఈ భాషలో చావు లేకుండా రెండు మాటలు కూడా ఆడలేం.

మ్యాపు నేల మీద పరిచి ఉండగా మీ అంకుల్ షాపు నుంచి వచ్చారు. అరుస్తారేమోనని చూశాను. అరవలేదు. మ్యాపు తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచి లోపలికి పోయారు. పోతూ పోతూ మూల నుంచి దొర్లిపోయిన దారపు రీలును కాలితో జరిపి మళ్లీ మూల మీద పెట్టారు. అంతే. ఆ పూట మేమిద్దరం చాలా రోజుల తర్వాత ఒకేసారి అన్నం తిన్నాం.

నా కాగితం దీనితో పంపుతున్నాను. తప్పులుంటే దిద్దు. తప్పులే ఉంటాయి. దిద్దకుండా పంపితే ఆ పిల్లలు నా దారినే తొక్కుతారు, తిన్నాక గుట్ట ఎక్కుతారు, ఆ పాపం నీదే.

శశికళ ఆంటీ


నాంపల్లి.
24 నవంబర్ 2025, సోమవారం.

చిరంజీవి ఉజ్వలకు ఆశీర్వాదాలు,

నీ కవరు ముట్టింది. విప్పితే ఒక్క అక్షరం లేదు, నా కాగితమే, దాని మీద ఎర్ర పెన్ను. ఎంత పొగరు నీకు! అయినా దాన్ని ఎన్నిసార్లు చూశానో. గుట్ట ఎక్కుడు పొద్దుటికి మార్చావు. భోజనం గుడి దగ్గర్నుంచి తీసి అడవి దాటాక పెట్టి గొడుగు గీశావు. నేను కుడి నుంచి చుట్టి తెచ్చిన దారిని ఎడమ నుంచి తిప్పావు, ఎందుకా అని ఆలోచిస్తే తట్టింది, అట్లా అయితే చెరువు కళ్ల ముందుకొస్తుంది. వాడి పద్ధతి నీ చేతిలో ఉంది ఇంకా. అది చూసి నేను ఏడ్చిన ఏడుపు మంచి ఏడుపే, ఫికర్ చేయకు.

కానీ ఒకచోట నీ పెన్ను ఆగిపోయింది. మేడికుంట దాకా ఎర్ర గీత వచ్చింది. చెరువు దగ్గర మళ్లీ మొదలైంది. మధ్యలో, ఆ మలుపులో, అర వేలంత ఖాళీ. నేనైనా నింపుదామని పెన్ను తీసుకున్నాను. నా చెయ్యీ ఆడలేదు. చూడని మలుపును కాగితం మీద ఎట్లా గీస్తాను? అందుకని వెళ్లొచ్చాను.

ఔను, నిజమే. నిన్న ఆదివారం. గౌలిగూడలో మా చిన్నమ్మ కూతురింటికి పోతున్నానని మీ అంకుల్‌తో చెప్పాను. సంచిలో ముగ్గుపిండి డబ్బా ఆయన చూశారు. గౌలిగూడకు ముగ్గుపిండి ఎందుకని అడగలేదు. నీళ్ల బాటిల్ పెట్టుకున్నవా అని మాత్రం అడిగారు.

నాంపల్లిలో రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. ఇన్నేళ్లు మ్యాపులో చూసినదే గానీ ఆ గుట్టలు నేను కళ్లతో చూడలేదంటే నమ్ముతావా? మ్యాపులో గీతలు దగ్గరికొచ్చిన చోట ఆటో ఆయన గేరు మార్చాడు, బండి మూలిగింది. అరే, వాడు చెప్పినట్టే ఉందే అని పైకే అన్నాను. ఆటో ఆయన వెనక్కి తిరిగి, ఎవలు జెప్పిన్రమ్మా అన్నాడు. మా కొడుకు అన్నాను. ఏం జేస్తడు అన్నాడు. సైకిల్ తొక్కుతాడు అని చెప్పాను. తొక్కేవాడు అనడానికి నోరు రాలేదు.

ఎంత పచ్చదనం బిడ్డా. నలభై రంగుల ఆకుపచ్చ తానులు మన షాపులో ఉన్నాయని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాను. ఒక్కటీ ఆ అడవికి మ్యాచ్ కాదు. ఎండ పడ్డచోట ఒక రంగు, పడనిచోట ఒకటి, గాలి వీస్తే ఇంకొకటి. మీరు ఆదివారం పొద్దునే లేచి ఎందుకు పరుగెత్తేవాళ్లో అర్థమైంది. ఇన్నాళ్లు కడుపులో ఒక బాధ ఉండేది, ఏముందని ఆ గుట్టల్లోకి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు అని. ఏముందో చూశాను. ఆ బాధ ఒక్కటి తగ్గింది.

మేడికుంట మలుపులో ఆటో ఆపించాను. రోడ్డు అక్కడ రెండుగా చీలుతుంది, ఎడమకు సన్నటి దారి, నేరుగా ఘాటు. చీలిన చోటే ఒక ఇల్లు, గడపకూ రోడ్డుకూ మధ్య గజం జాగా కూడా లేదు, వాకిలంటే రోడ్డే. ఆ ఇంటావిడ యాదవ్వ. నా వయసే ఉంటుంది. ఎండల నిలవడ్డవేందమ్మా, నీడకు రా అని పిలిచి మంచినీళ్లిచ్చింది, చాయ్ పెట్టింది. పట్నం నుంచి గుట్టలు చూడటానికి వచ్చానన్నాను. ఒక్కదానివే వచ్చినవా అని బుగ్గలు నొక్కుకుంది. ఆమె మనవడు, ఏడాది నిండవస్తున్న పిల్లాడు, గడప పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్నాడు. నిలబడతాడు, చతికిలబడతాడు, మనల్ని చూసి నవ్వుతాడు. వాడిని తెచ్చి నా ఒళ్లో పడేసి ఆమె చాయ్ పొయ్యి దగ్గరికి పోయింది. పట్నంలో ముక్కూమొహం తెలియని మనిషి చేతికి పిల్లను ఇస్తామా? ఆమె ఇచ్చింది.

తర్వాత వంగి మలుపులో బాణం గీశాను. ఎడమకు. కింద చేప కూడా గీశాను, నీ అంత బాగా రాలేదు, కాస్త వంకాయలా వచ్చింది. డిసెంబర్ దాకా ఉండదని నాకూ తెలుసు. అయినా అక్కడ ఉండాల్సిన బాణం ఒక్కసారైనా ఉండాలనిపించింది.

ఆ బాణం పట్టుకుని ఎడమ దారిన నడిచాను. ఎక్కువ దూరం లేదు, కొంచెం ఎక్కి, కొంచెం తిరిగి, చెట్లు ఆగిపోయాక ఒక్కసారిగా చెరువు ముందుకొచ్చింది. నువ్వు లెక్కపెట్టి దారి గీసింది ఇందుకే కదా, ముందు కనబడకుండా, ఒక్కసారిగా. వాడికి ఇది చూపించాలని నువ్వు ఎంత దాచి ఉంటావో అనుకున్నాను. గట్టు మీద కూర్చున్నాను. ప్రణయ్, చూడరా, మీ ఉజ్వల ఎంత మంచి దారి గీసిందో అని గట్టిగా చెప్పాను. అక్కడ కొంగలు తప్ప ఎవరూ లేరు, నన్ను పిచ్చిదనుకోవడానికి. ఘాటు వైపు పోలేదు. పోను. అక్కడ నాకేం పని?

ఇంటికొచ్చాక ఎక్కడికెళ్లొచ్చానో మీ అంకుల్‌తో చెప్పాను, ఇంకో మాట కూడా చెప్పాను.  ఈ పొద్దున పాలు తేవడానికి దిగితే మెట్ల కింద మీ అంకుల్, బనీను మీదే ఉన్నారు, నీ సైకిల్ మీది చీర తీసి మడతపెట్టి, చక్రాలకు గాలి కొడుతున్నారు. వెనక టైరు పంచరున్నట్టుంది, ఆ పిల్ల వచ్చేలోపు చేయించాలె అన్నారు నా మొహం చూడకుండా. ఆ పిల్ల అన్నారు. ఏడాదిలో ఇదే మొదటిసారి. ఏం మాట చెప్తే మారారని నన్ను అడగకు, చెప్పను.

డిసెంబర్ రెండో ఆదివారం. పొద్దుటి రైలు. శ్రీహరి అందరికీ చెప్పాడు. నేను భోజనాలు తీసుకుని ఆటోలో వెనక వస్తాను, నీ గొడుగు బొమ్మ దగ్గర ఆగుతాను. పులిహోర చేస్తాను, వాడికిష్టమని కాదు, మీకిష్టమని. నువ్వు రెండు రోజుల ముందే మన ఇంటికి రా. నీ గది లేదు గానీ వాడి గది ఉంది.

నీ
శశికళ ఆంటీ

తా.క. కవరు అతికించి జీపీవో దాకా తెచ్చాను. డబ్బాలో వెయ్యబోయి ఆగిపోయి, చింపి, ఇక్కడి బల్ల దగ్గరే నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో. మీ అంకుల్‌కు చెప్పిన మాట నీకు రాయకూడదనుకున్నాను. నన్ను ఓదార్చడానికి ఆంటీ కథ అల్లింది అనుకుంటావని ఒక భయం. ఇంకో భయం ఉంది, అది చివర్న చెప్తాను.

నేను బాణం గీస్తుంటే యాదవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి పకపకా నవ్వింది. గదేందమ్మా, నువ్వు గూడ గిట్లనే గీస్తున్నవ్, పోయినేడు మా మనుమన్ని తొట్టెల్ల ఏసే ముందటి పొద్దు ఎవలో గిదే తీర్గ గీసిపోయిన్రు, బాణమంట, దాని కింద చేపంట, చేపలమ్మెటోళ్లు గీసిన్రేమో అనుకున్న అంది. సుట్టాలొచ్చే పొద్దు నా వాకిట్ల గీ పిచ్చి గీతలేందని తెల్లారకముందే ఊడ్చి, పెండనీళ్ల సాంపి సల్లి, పెద్ద ముగ్గేసిన అంది.

చేప అన్నది ఉజ్వలా. చేప గురించి ఆమెకు నేను చెప్పలేదు, నేనింకా బాణం మొదలే గీస్తున్నాను. నువ్వు మర్చిపోలేదు. నువ్వు బాణం వేశావు, చేపను కూడా గీశావు. ఆ పొద్దు నువ్వూ ఆ ముగ్గును చూసే ఉంటావు, వాడూ చూసే ఉంటాడు, దాని మీదుగానే పోయి ఉంటాడు. ఊళ్లో వాకిట్లో ముగ్గుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

అంతటితో ఆగలేదు ఆమె. గా పొద్దే ఘాట్ల ఒక పిల్లగాడు సైకిల్ మీదికెల్లి పడి పాణం ఇడిసిండమ్మా, ఇంట్ల శుభం జరిగే పొద్దు గట్లాయెనని నాకు బువ్వ సయించలే, ఏ తల్లి కన్నదో అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె మనవడు నా చీర పట్టుకుని నిలబడి ఉన్నాడు అప్పుడు. నేను, ఔ, ఏ తల్లి కన్నదో అన్నాను.

చెప్పలేదు ఆమెకు. చెప్తే ఏమవుతుంది? ఆ పిల్లాడి ప్రతి పుట్టినరోజుకు ఆమె నా కొడుకునే చూస్తుంది. ఇక ఎప్పుడూ చెయ్యి వణక్కుండా ముగ్గు వెయ్యలేదు. ఏడాదిగా నువ్వు మోస్తున్నది ఎంత బరువో నాకు తెలుసు, దాన్ని నీ నెత్తి మీంచి దించి ఆమె నెత్తిన పెట్టలేను. ఇదీ నా రెండో భయం, నువ్వు తట్టుకోలేక ఆమెతో అనేస్తావేమోనని.

డిసెంబర్‌లో మా పిల్లలు సైకిళ్ల మీద వస్తారు, ఆ ఒక్కరోజు బాణం ఉంచమ్మా అని మాత్రం అడిగాను. గదెంత పనమ్మా, ఆ పొద్దు నేనే గీస్త, చేపను గూడ గీస్త, సుట్టూ సుక్కల ముగ్గు పెడ్త అంది. కాబట్టి మేడికుంటకు నువ్వు బాణం వెయ్యనక్కర్లేదు, యాదవ్వ వేస్తుంది. అక్కడ సైకిల్ దిగు. ఆమె చాయ్ ఇస్తుంది, తాగు. పిల్లాడిని ఎత్తుకో. ముగ్గు బాగుందమ్మా అని చెప్పు. ఇంకేమీ చెప్పకు బిడ్డా.